మడతపడని సీటు

"ఆ వెనక సీటు మడతపడదు. అది జామ్ అయి ఏళ్ళయింది," అన్నాడు సుధీంద్ర. ఫోనులోంచి తలెత్తలేదు. చేతిలో ఇడ్లీ ముక్క చట్నీలో అటూ ఇటూ తిరుగుతోంది.

వాసవి ఇంకో ఇడ్లీ వేసి, "ఓసారి గట్టిగా లాగి చూస్తే రాదంటారా?" అంది.

"రాదంటే రాదు. అయినా దాంతో ఇప్పుడు నీకేం పని?"

పని ఉంది. కానీ అదేమిటో చెబితే, అది పనే కాదన్న దగ్గర్నుంచి మాటలు మొదలవుతాయి. అందుకని ఆమె కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళింది. మెట్రోకి టైమవుతోందని అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. పెళ్ళయిన కొత్తలో అతని కంచం తీసేటప్పుడు ఆమెకి ఏదో అనిపించేది. ఇప్పుడేమీ అనిపించదు. చేతులు వాటంతటవే తీసేస్తాయి.

వాళ్ళది మచిలీపట్నం దగ్గర. సుధీంద్ర ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖలో అండర్ సెక్రటరీ. ఆర్కేపురంలో కింది అంతస్తు క్వార్టరు. ఒక గది వాళ్ళిద్దరిదీ, ఒకటి అత్తగారు మాణిక్యాంబది, మూడోది కూతురు సహస్రది. సహస్ర చదువుకి పుణె హాస్టలుకి వెళ్ళిపోయాక ఆ గది ఏం చెయ్యాలన్న ప్రశ్న ఇంట్లో రాలేదు. ఒక ఆదివారం సుధీంద్ర మనిషిని పిలిపించి టీవీని ఆ గోడకి బిగింపించుకున్నాడు. అప్పటినుంచీ అది టీవీ గది. వాసవి అప్పుడు అందులో నిలబడి గోడకి డ్రిల్లు పెడుతున్న చోట రాలే సున్నం నేలకి అంటకుండా పాత వార్తాపత్రికలు పరిచింది. ఆ గది తనకి కావాలేమో అని తనకే తోచలేదు. తోచకపోవడం ఒక అలవాటు, అంతే.

పెళ్ళికి ముందు ఆమె రేడియోలో క్యాజువల్ ఎనౌన్సరుగా చేసింది. ఈమధ్యే నోయిడాలో తెలుగు పుస్తకాలని చదివించి ఆడియోగా అమ్మే ఒక చిన్న కంపెనీ వాళ్ళు పరిచయమయ్యారు. స్టూడియోకి రమ్మన్నారు. "నువ్వు పొద్దున్నే నోయిడా పోతే మధ్యాహ్నం అమ్మకి అన్నం ఎవరు పెడతారు?" అన్నాడు సుధీంద్ర. కోపంగా అనలేదు. అసలు అది ప్రశ్నలా కూడా అనలేదు. దాంతో ఇంటి నుంచే చదివి పంపడం మొదలుపెట్టింది. బట్టల బీరువా తలుపులు రెండూ తెరిచి, వేలాడే చీరల మధ్య తల దూర్చి, మైకు చేత్తో పట్టుకుని చదివేది. చీరలుంటే గొంతు గోడలకి కొట్టుకుని తిరిగి రాదు. అలా చిన్నపిల్లల కథలు చాలానే చదివింది. "బీరువాతో మాట్లాడుతోంది మా కోడలు" అని అత్తగారు ఫోన్లో బంధువులకి చెప్పి నవ్వేది. "గొణుక్కోవడానికి కూడా డబ్బులిస్తారన్నమాట, అచ్ఛా!" అని సుధీంద్ర తన ఆఫీసు వాళ్ళ ముందు మెచ్చుకున్నాడు. అతని లెక్కలో అది మెచ్చుకోవడమే.

ఇప్పుడు మొదటిసారి ఒక పెద్ద నవల వచ్చింది. రోజూ గంటల తరబడి చదవాలి. నమూనాకి పంపిన అధ్యాయం తిరిగొచ్చింది. కంపెనీలో ఆ పనులు చూసే వైశాలి హైదరాబాద్ అమ్మాయి. ఫోను చేసి, "వాయిస్ మస్తుంది అక్కా. కానీ బ్యాక్‌గ్రౌండ్‌ల కుక్కర్ విజిల్ వస్తుంది. ఒక దగ్గర ఎవరో దగ్గుతున్రు. క్లయింట్ ఒప్పుకుంటలేడు. సోమవారం కల్లా క్లీన్‌గా పంపు. లేకపోతే వేరే వాళ్ళకు ఇచ్చేస్తరు. నాకైతే నువ్వే చదవాలని ఉంది," అంది.

ఆ ఇంట్లో చప్పుడు లేని చోటంటూ ఉంటే అది ఇంటి బయట వేపచెట్టు కింద ఉన్న కారు. అదొక పాత ఎస్టేట్ కారు. కప్పు వెనకదాకా పొడుగ్గా సాగి, సామాను పెట్టే చోటు కూడా లోపలే కలిసి ఉంటుంది, వెనక తలుపు పైకి లేస్తుంది. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర కొన్నారు. ఢిల్లీలో డీజిలు బండికి పదేళ్ళే గడువు, ఇది పెట్రోలు బండి కాబట్టి ఇంకా రోడ్డు మీద తిరగనిస్తున్నారు. వచ్చే ఏడాదికి దానికి పదిహేనేళ్ళు నిండుతాయి, తుక్కుకి పోతుంది. వాసవి రెండు రోజులు అందులో కూర్చుని చదివి చూసింది. ముందు సీట్లో స్టీరింగు అడ్డం, అద్దానికి గొంతు టంగుమని మోగుతుంది. వెనక సీట్లో మోకాళ్ళు ముందు సీటుకి ఆనుకుంటాయి, మైకు నిలబెట్టడానికి చోటు లేదు. ఆ సీటు వీపు ముందుకి వాలిపోతే మాత్రం వెనకంతా ఒక చిన్న గదంత అవుతుంది. కూర్చోవచ్చు, చుట్టూ బొంతలు కట్టుకోవచ్చు.

ఆ సీటు మడతపడదన్న సంగతి ఆ ఇంట్లో ఎప్పటినుంచో అందరికీ తెలుసు. సహస్ర సైకిలు కొన్నప్పుడు అది మడతపడదు కాబట్టి విప్పి ముక్కలుగా తెచ్చారు. పరుపుని కప్పు మీద తాడేసి కట్టారు. కీర్తి నగర్లో పుస్తకాల అలమర కొన్నరోజు దాని చెక్కలు ఒళ్ళో పెట్టుకుని వాసవి ఇంటిదాకా కూర్చుంది. తొడ మీద కమిలిన మచ్చ చాలా రోజులుంది. "మెకానిక్‌కి చూపిద్దామా?" అని అప్పుడే అడిగింది. "సీట్లు మడవడానికి మెకానిక్ ఎందుకు, నవ్వుతాడు," అన్నాడు సుధీంద్ర. ఆ మాటలో మడవడం ఎంత సులువో, మడవలేకపోవడం ఎంత ఖాయమో రెండూ ఉన్నాయి. అప్పుడామెకి అది కనపడలేదు.

ఆ రోజు సుధీంద్ర ఆఫీసుకి వెళ్ళాక, మధ్యాహ్నం అత్తగారికి అన్నం పెట్టి, టార్చీ, స్క్రూడ్రైవరు, తలుపు బందులకి కొట్టే తుప్పు స్ప్రే పట్టుకుని కారు దగ్గరికి వెళ్ళింది. ఫిబ్రవరి ఎండ హాయిగా ఉంది. మాణిక్యాంబ గుమ్మం ముందు కుర్చీ వేయించుకుని బఠాణీలు వలుస్తోంది.

సీటు వీపు పైన రెండు చివర్లా రెండు నల్లటి గుండీలున్నాయి. వాటిని పైకి లాగితే లోపలి కొక్కెం వదలాలి. కుడివైపుది కొంచెం మొరాయించి వచ్చింది. ఎడమది కదల్లేదు. వాసవి వెనక తలుపెత్తి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, లోపలికి దూరి బోర్లా పడుకుంది. టార్చీ వేసి సందులోకి చూసింది. దుమ్ము, వేరుశెనగ తొక్కలు, సహస్ర చిన్నప్పటి జడపిన్ను. వాటి వెనక కొక్కెం కనబడింది. దాని నోట్లో సీటు బెల్టు ఇరుక్కుని ఉంది. ఎప్పుడో సీటుని వెనక్కి తోసి బిగించేటప్పుడు బెల్టు మధ్యలో పడింది. కొక్కెం దాన్ని కరిచి పట్టుకుంది. అంతే. విరిగిందేమీ లేదు.

ఆమె కాసేపు అలాగే పడుకుని దాన్ని చూసింది. కోపం వస్తుందేమో అని చూసింది. రాలేదు. ఇన్నేళ్ళలో ఎవరూ ఇలా వంగి టార్చీ వేయలేదు, అంతే కదా అనుకుంది. తను కూడా వేయలేదు.

"ఏంటే అది, అందులో దూరావు?" అని కేకేసింది మాణిక్యాంబ.

"సీటు తీస్తున్నానత్తయ్యా."

"అది రాదన్నాడుగా వాడు."

వాసవి స్ప్రే కొట్టి, బెల్టుని స్క్రూడ్రైవరుతో కదిపింది. కదల్లేదు. సీటుని బలంగా వెనక్కి నొక్కితే కొక్కెం పట్టు సడలుతుంది. సడలిన క్షణంలో గుండీ లాగాలి. నొక్కడానికి ఒళ్ళంతా కావాలి, లాగడానికి ఇంకో చెయ్యి కావాలి. రెండుసార్లు ఒక్కతే ప్రయత్నించి, చెమట తుడుచుకుని, బయటికి చూసింది.

"అత్తయ్యా, ఒక్కసారి ఇలా రాగలరా?"

ముసలావిడ బఠాణీల పళ్ళెం కింద పెట్టి, కర్ర పట్టుకుని మెల్లగా వచ్చింది. తెరిచిన ఎడమ తలుపు దగ్గర నిలబెట్టి, వాసవి ఆవిడ చేతిని గుండీ మీద పెట్టింది. తను సీట్లో కూర్చుని, ముందు సీటుకి కాళ్ళు తన్నిపెట్టి, వీపుతో వెనక్కి నెట్టింది.

"లాగండి!"

"లాగుతున్నానే. రావట్లేదు."

"ఇంకోసారి. నేను నెట్టినప్పుడు."

"కర్రతో కొట్టనా?"

"వద్దు వద్దు, లాగండి చాలు."

టక్కుమని చప్పుడైంది. సీటు వీపు సడలింది. వాసవి బెల్టు తప్పించి, దిగి, ఒక చేత్తో సీటుని ముందుకి తోసింది. అది ఏ పేచీ లేకుండా వాలిపోయింది. ఇద్దరూ దాన్ని చూస్తూ నిలబడ్డారు.

"వీళ్ళ నాన్నా ఇంతే," అంది మాణిక్యాంబ. "సొరుగు రాకపోతే రాదని చెప్పేవారు. ఆయన ఊరెళ్ళినప్పుడు నేను సబ్బు రాసి లాక్కునేదాన్ని. వచ్చేలోపు మళ్ళీ మూసేసేదాన్ని."

"మూసెయ్యడం ఎందుకు?"

ఆవిడ కర్ర ఊనుకుని రెండడుగులు వేసి ఆగింది. "నేను లాగానని వాడితో అనకు."

"అంటే ఏమవుతుంది అత్తయ్యా?"

"ఏమవుతుందేంటి? నేనుండాల్సింది వాడి దగ్గరే కదే."

ఆ మాట ఏ బాధా లేకుండా, బఠాణీల ధర చెప్పినట్టు చెప్పి కుర్చీలోకి వెళ్ళిపోయింది. వాసవి తలుపు పట్టుకుని ఆవిడ వైపే చూసింది. డెబ్భై దాటినావిడ. కొడుకు ఇల్లు. అంతకు ముందు మొగుడిల్లు, ఇంకా ముందు తండ్రిది. ఇన్నాళ్ళూ ఆవిడ వేసిన ఎత్తిపొడుపులన్నీ గుర్తున్నాయి, ఏవీ చెరిగిపోలేదు. కానీ అవి ఏ ఇంట్లో చోటు కోసం వేసినవో ఇప్పుడు తెలిసింది.

ఆదివారం పొద్దున్న సుధీంద్ర నిద్ర లేవకముందే కారు అద్దాలకి బొంతలు కట్టి, లోపల పరుపు వేసి, మైకు పెట్టుకుని ఆ అధ్యాయం మళ్ళీ చదివింది. సోమవారం వైశాలి ఫోను. "ఏ స్టూడియోకి పోయినవ్ అక్కా? క్లయింట్ ఫుల్ ఖుష్. నవల నీదే."

సుధీంద్ర ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ కారులోంచి దిగుతున్న భార్యని చూశాడు. లోపలికి తొంగి చూసి, "అరే, మడతపడిందే! ఎవరు చేశారు?" అన్నాడు.

"నేనే."

"అచ్ఛా. మంచి పని చేశావ్. శనివారం మా ఆఫీసు బాత్రా సాబ్ వసంత్ కుంజ్‌కి ఇల్లు మారుతున్నాడు. మంచం విప్పితే ఇందులో పట్టేస్తుంది. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తా."

"శనివారం వీలవదండీ. రికార్డింగ్ ఉంది."

"ఓ రోజుకి ఆ దుప్పట్లు తీసెయ్. మళ్ళీ కట్టుకుందువుగాని."

"తియ్యను."

అతను నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపాడు. "కారు నాది కదా వాసవీ."

"మీదే," అంది. అది నిజమే కాబట్టి అలా అనడం కష్టమనిపించలేదు. "లోపలున్న పని నాది. మధ్యలో వదలడానికి లేదు."

బాత్రా సాబ్ టెంపో మాట్లాడుకున్నాడు. సుధీంద్ర రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. తర్వాత మామూలైపోయాడు. అతను ముభావంగా ఉన్న రోజుల్లోనూ ఆమె రోజుకొక అధ్యాయం చదివింది.

మార్చి మధ్యకి వచ్చేసరికి ఎండ మొదలైంది. మూసిన అద్దాల్లో, బొంతల మధ్య చదువుతుంటే చెమట కళ్ళల్లోకి కారేది. ఏసీ వేస్తే చప్పుడు. నవల ఇంకా సగం ఉంది. ఒకరోజు ఆమె మైకు ఆపేసి, కారు తలుపు తెరిచి, కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చుని ఎదురుగా ఉన్న సొంత ఇంటిని పరాయి వాళ్ళ ఇంటిలా చూసింది. మూడు గదుల కిటికీలు. ఒకదాని వెనక పగలంతా ఎవరూ ఉండరు. గోడ మీద ఆరిపోయిన టీవీ ఒక్కటే ఉంటుంది.

ఆ రాత్రి ముగ్గురూ భోజనం చేస్తున్నప్పుడు ఆమె మాట కదిపింది.

"కారులో ఉక్కగా ఉంది. సోమవారం నుంచి సహస్ర గదిలో చదువుకుంటాను. టీవీ హాల్లోకి మార్చాలి."

సుధీంద్ర ముద్ద కలపడం ఆపాడు. మాణిక్యాంబ మజ్జిగ గ్లాసు ఎత్తి పట్టుకుని, తాగకుండా, కోడలి వైపు చూసింది.

"ఆ టీవీ రాదు," అన్నాడు సుధీంద్ర. "గోడలోకి డ్రిల్ చేసి బిగించారు."

"ఒకవైపు మరలు విప్పి చూశానండీ," అంది వాసవి. "వస్తుంది."