పద్నాలుగు సార్లు నొక్కిన బటన్

ఆఫీసులో ఆమెను అందరూ కంగారక్క అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె కూడా పలికేది. తాళం వేశానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి వెళ్ళి చూసుకునే మనిషి. భర్త బస్సు డ్రైవరు. ఆమె గనక తన బస్సెక్కితే ప్రతి స్టాపులోనూ బ్రేకులు చూడమంటుందని కూతురి ముందు ఏడిపిస్తుంటాడు.

ఆమె పని ఒక డయాలసిస్ కేంద్రపు వెబ్‌సైటులో జనానికి కనబడే పేజీలు రాయడం. మూత్రపిండాలు పాడైనవాళ్ళు ఫోన్‌లోనే నెలకు సరిపడా రోజులూ వేళలూ ఎంచుకుని ‘ఖాయం చేయండి’ అన్న బటన్ నొక్కుతారు. అక్కడే ఆమె బెంగంతా. ఆఫీసులోని సర్వర్‌కు జ్వరమొస్తే అరగంటలో తెలుస్తుంది. పేజీ నడిచేది మాత్రం ఎవరి చేతిలోనో, ఎప్పటిదో ఒక ఫోన్‌లో. అక్కడ అది చతికిలబడితే చెప్పేవాడేడీ? అలా పేజీ ఎక్కడ ఆగిపోయినా, ఏ ఫోన్‌లో, ఏ వేళకు, కోడ్‌లో ఏ వరుస దగ్గర ఆగిందో తనకు కబురు పంపే ఏర్పాటు ఒకటి పెడదామని మూడు నెలలుగా అడుగుతోంది.

టీము పెద్దాయన ప్రతిదానికీ ‘నిదానం, నిదానం’ అంటాడు కనుక ఆయన పేరే నిదానం అయిపోయింది. ఫిర్యాదులేవీ రావడం లేదు కదా, తొందరేముందని ఆయన వాదన. ఫిర్యాదు రాసే పేజీ కూడా మన సైటులోదే కదండీ అని ఆమె ఒకరోజు అనేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, సరే కానివ్వమన్నాడు.

సోమవారమంతా ఆ పనిమీదే కూర్చుంది. కబుర్లలో రోగుల పేర్లు, ఫోన్ నంబర్లు పొరపాటున కూడా రాకుండా చెరిపేసే కోడ్ ముందుగా రాసింది. ఒకరి జబ్బు సంగతి పదిమంది చూసే తెరమీద పడకూడదు. తర్వాత కావాలనే ఒక బటన్‌ను చెడగొట్టి, నొక్కి చూసింది. కబురు రాలేదు. గంటసేపు వెతికితే తేలిందేమిటంటే, బయటి చోటికి ఏదీ పంపకూడదని సైటుకు తామే పెట్టుకున్న కట్టుబాటు దాన్ని గుమ్మంలోనే ఆపేస్తోంది. అనుమతి ఇచ్చి మళ్ళీ నొక్కింది. ఈసారి వచ్చింది.

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి అసలు సైటులో పెట్టారు. పదకొండింటికల్లా పంతొమ్మిది కబుర్లు. వాటిలో పద్నాలుగు ఒకే ఫోన్ నుంచి, ఒకే పేజీ, ఒకే బటన్: ‘ఖాయం చేయండి’. మొదటిది పదీ పన్నెండుకు. తర్వాత రెండు, మూడు నిమిషాలకొకటి. చివరిది పదీ నలభై ఒకటికి. ఆ తర్వాత ఇంకేమీ లేదు.

ఆ పద్నాలుగు కబుర్లకంటే ఆ తర్వాతి మౌనమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

తప్పు ఏ వరుసలో ఉందో చూద్దామంటే అంతా అర్థంకాని అక్షరాల ముద్ద. సైటులో పెట్టేముందు కోడ్‌ను కుదించి పంపుతారు. కుదించినదాన్ని తిరిగి విప్పి చూపించే ఫైలు ఎక్కించడం మరిచిపోయింది. వెంటనే ఎక్కించింది. విప్పి చూస్తే అది మూడు వారాల కిందట తనే రాసిన వరుస. తేదీలను అందంగా చూపించడానికి వాడిన కొత్త పద్ధతి ఒకటి పాత ఫోన్లకు తెలియదు. బటన్ నొక్కగానే పేజీ అక్కడే ఆగిపోతుంది. తెరమీద మాత్రం ఏమీ చెప్పదు. నెలకోసారే ఖాయం చేసుకుంటారు గనక ఇన్నాళ్ళూ బయటపడలేదు.

పావుగంటలో సరిచేసింది. కానీ ఆ మనిషెవరు? పేర్లన్నీ తన చేత్తోనే చెరిపేసింది.

సరిచేశాం కదా, వాళ్ళే మళ్ళీ ప్రయత్నిస్తారులే అన్నాడు నిదానం.

“అరగంట నొక్కి వదిలేసినవాళ్ళు మళ్ళీ వస్తారని ఏం నమ్మకమండీ?” అంది ఆమె. “ఆ వరుస రాసింది నేనే. కేంద్రానికి ఫోన్ చేస్తాను.”

ఆయన తెరమీద ఆ వరుస చదివాడు. “రాసింది నువ్వు. చూసి సరేనన్నది నేను. చెయ్యి. ఇద్దరి తప్పూ అని చెప్పు.”

కేంద్రంలో హెడ్ సిస్టర్ అంతా వింది. చిరాకు పడలేదు, ఊరడించనూ లేదు. క్రమంగా వచ్చేవాళ్ళలో ఈ వారం వేళ ఖాయం చేసుకోనివాళ్ళెవరో పుస్తకం తీసి చూసింది. ముగ్గురు తేలారు. ఒకరు పెద్దాసుపత్రిలో ఉన్నారు, ఒకావిడ ఊరికి వెళ్ళింది. మిగిలింది ఒక టైలరు. ఆయన ఖాయం చేసుకున్న వేళలన్నీ శనివారంతో అయిపోయాయి. ఈరోజు రావాల్సిన మనిషి. ఫోన్ చేసి చెబుతానని పెట్టేసింది.

అరగంటైనా కబురు లేదు. ఈమె చేస్తే, ఆయన ఎత్తడం లేదంది సిస్టర్. ఒక విడత తప్పితే ఏమవుతుందని ఆమె అడగలేక అడిగింది. ఒంట్లో నీరు చేరుతుందని, మనిషిని బట్టి ఆయాసం కూడా రావచ్చని సిస్టర్ ఉన్నదున్నట్టు చెప్పింది. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేసింది ఆమె. నిదానం రెండుసార్లు వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడి వెళ్ళాడు.

ఒంటిగంట దాటాక సిస్టర్ చేసింది. ఆయన భార్య ఎత్తిందట. ఖాళీలు లేవు కాబోలు, రెండు రోజులు ఆగుదామనుకున్నారట. కాళ్ళు అప్పటికే వాచాయి. వెంటనే రమ్మని సిస్టర్ రెండింటికి ఒక డయాలసిస్ కుర్చీ ఖాళీ చేయించింది.

సాయంత్రం ఆరుకు కేంద్రం నంబరు నుంచి మళ్ళీ ఫోన్. ఈసారి మాట్లాడింది టైలరే, నీరసంగా.

“తేలిగ్గా ఉందమ్మా ఇప్పుడు. మీరు కంగారు పడుతున్నారని సిస్టరమ్మ చెప్పింది.” అన్నాడు. “నేను నా వేలిదే తప్పనుకున్నాను. ఏళ్ళ తరబడి సూది తోసి తోసి కొన కాయ కాచింది. ఫోన్‌కు ఆనడం లేదేమోనని తడి చేసి నొక్కాను. మా ఆవిడ చేత కూడా నొక్కించాను.”



“మీ వేలు బాగానే ఉంది బాబాయిగారూ. తప్పు నాది,” అంది ఆమె.

“సరేలేమ్మా. వచ్చే నెలకు కూడా నన్నే నొక్కమంటారా?”

“మీరే నొక్కండి. పడుతుంది. పడకపోతే నాకు తెలుస్తుంది.”

ఫోన్ పెట్టేశాక నిదానం తన బల్ల సొరుగంతా వెతికి, మూలపడున్న పాత ఫోన్ ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఇకనుంచి ఏ మార్పైనా ముందు ఇందులో చూశాకే అన్నాడు. బటన్ పనిచేయకపోతే తెరమీద ఆ సంగతి పెద్ద అక్షరాలతో చెప్పి, కింద సిస్టర్ నంబరు చూపించేలా ఆమె ఆ పూటే రాసింది. ఇంటికి ఆలస్యమవుతుందని భర్తకు చెప్పింది.

మిగిలిన అయిదు కబుర్లు ఇంకా అలాగే ఉన్నాయి. ఆమె కుర్చీ ముందుకు లాక్కుని మొదటిది తెరిచింది.