సిపాయి గారి అరచేతులు

మొహం కడుక్కుని, గడ్డం గీసుకుని, గ్లౌజులు తొడుక్కున్నాకే సిపాయి గారు వంటింట్లోకి వస్తారు. ఒకసారి పరధ్యానంలో ఒట్టి చేతులతో అలారం గడియారం పట్టుకుని కూర్చుంటే, పాపం, కూతురికి బస్సు తప్పిపోయింది. ఆయన అరచేతిలో ఉన్నంతసేపూ ఏదీ చప్పుడు చెయ్యదు. వదిలేస్తే మళ్లీ మామూలే.

నిజానికి ఆయన యుద్ధంలో ఉన్నది కొద్దికాలమే. బట్టల మిల్లులో ఫిట్టరుగా చేసింది జీవితమంతా. అయినా వీధిలో ఒక్కరూ ఫిట్టరు గారూ అని పిలిచిన పాపాన పోలేదు. పాడైన మగ్గం ఎక్కడ కొట్టుకుంటోందో చెవితో పట్టుకోవాలి. ఆయన చెయ్యి వేస్తే మగ్గం కాస్తా మూగబోతుంది, ఇక రోగం ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి. అందుకే గ్లౌజులు అలవాటయ్యాయి. భోజనాల వేళ మాత్రం తోటివాళ్లు ఆయన ఎడమచేతి గ్లౌజు లాగేసి, పక్కనే ఆడుతున్న మగ్గం మీద ఆ చెయ్యి వేయించి, హాయిగా కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఆయన ఒక చేత్తో తింటూ, ఒక చేత్తో మగ్గాన్ని పట్టుకుని వాళ్ల జోకులకి నవ్వేవారు.

వీధిలోనూ అంతే. పక్కింటాయన నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నప్పుడే ఎదురింటావిడకి గోడకి ఏదో ఒకటి తగిలించాలనిపిస్తుంది.

"సిపాయి గారూ, కాస్త ఆ మేకు పట్టుకుంటారా? నేను కొడతాను."

పట్టుకునేవారు. ఆవిడ గురి అంతంత మాత్రం. చప్పుడు లేని సుత్తి దెబ్బలకి లేవని పక్కింటాయన సిపాయి గారి కేకకి లేచేవాడు.

మనుషులని మాత్రం ఆయన ఒట్టి చేతులతో ముట్టుకోరు. కన్నకూతురిని ఎత్తుకుని పెంచింది కూడా గ్లౌజులతోనే. పెళ్లయిన కొత్తలోనే భార్యకి కారణం చెప్పారు, మళ్లీ ఎన్నడూ చెప్పలేదు. యుద్ధంలో ఒక రోజు ఆయనా, తోటి సిపాయిలూ ఒక గోతిలో దాక్కున్నారు. పైన గట్టు మీద శత్రువులు నడుస్తున్నారు. గోతిలో ఉన్నవాళ్లలో ఒక కుర్రాడు కడుపులో తూటా దిగి మూలుగుతున్నాడు. మూలుగు పైకి వినపడితే అందరూ పోతారు. ఈయన ఆ కుర్రాడి నోటి మీద అరచెయ్యి వేసి నొక్కి పట్టారు. మూలుగు ఆగింది. శత్రువులు వెళ్లిపోయారు. చెయ్యి తీసేసరికి కుర్రాడు లేడు. పోయింది దెబ్బ వల్లా, చేతి వల్లా అన్నది ఎవరూ తేల్చలేదు. అరచేతి కింద వాడి పెదాలు కదలడం మాత్రం ఆయనకి తెలిసింది. ఆనాటి నుంచే ఆయన చేతులు ఇలా అయ్యాయి.

భార్య కూడా ఆ మిల్లులోనే నేతపని చేసింది. పని మానేసి ఇంటి పట్టున కూర్చున్నాక ఆవిడ చెవుల్లో జోరీగ దూరినట్టయింది. పగలూ రాత్రీ ఒకటే రొద. డాక్టరు చూసి, "ఇది తగ్గేది కాదమ్మా, అలవాటు చేసుకోవాలి" అని చేతులు దులిపేసుకున్నాడు. ఆవిడకి నిద్ర కరువైంది. తిండి సయించడం మానేసింది. మనిషి సగమైపోయింది.

సిపాయి గారికి తోచిన వైద్యం ఒక్కటే. ఇంట్లో చప్పుడు లేకపోతే ఆవిడకి కునుకు పడుతుందని ఆయన నమ్మకం. ఆవిడ నడుం వాల్చగానే గ్లౌజులు తీసేసి, ఫ్రిజ్‌కి ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో గడియారం పట్టుకుని నిలబడేవారు. ఫ్యాను రాడ్డు పట్టుకోవడానికి కూతుర్ని స్టూలు తెమ్మన్నారు. కూతురు కూడా కాళ్లకి చెప్పుల్లేకుండా పిల్లిలా తిరిగేది. ఇల్లు ఎంత సద్దుమణిగితే ఆవిడ అంత నలిగిపోయింది. భర్త అవస్థ చూసి నోరు మెదపలేదు.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం బట్టలు సర్దేసుకుంది.

"నేను అక్కయ్య దగ్గరికి పోతాను. వాళ్లది రైలు కట్ట పక్కనే కదా, అక్కడైతే ఆ గోలలో ఇది వినపడదు. టాక్సీకి చెప్పమని పిల్లకి చెప్పాను."

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"వస్తే ఇది మళ్లీ మొదలవుతుంది కదండీ."

ఆయన మంచం అంచున కూలబడ్డారు. "ఇంట్లో చీమ చిటుక్కుమనకుండా చేశానే."

"అందుకే మరీ పెరిగింది. చప్పుడు ఇంట్లో లేదండీ, నా తలలో ఉంది." ఆవిడ ఆయన పక్కన కూర్చుంది. "పట్టుకుంటే దాన్ని పట్టుకోండి."

"నా వల్ల కాదు."

"ఎందుకో తెలుసు. అయినా అడుగుతున్నాను."

ఆవిడే గ్లౌజులు లాగేసి ఆయన ఒళ్లో తల పెట్టుకుంది. ఆ చేతులకి ఆమె జుట్టు ఎంత పల్చబడిందో అప్పుడే తెలిసింది. రెండు చెవుల మీదా అరచేతులు ఆనించారు. ఆవిడ ఉలిక్కిపడినట్టు కళ్లు తెరిచింది. పెదాలు కదిలాయి. మాట రాలేదు. ఆయన చేతులు చటుక్కున వెనక్కి తీసుకున్నారు.

"ఏమైంది? ఏమన్నావు?"

"తియ్యకండి అన్నాను," అంది ఆవిడ, కళ్ల నీళ్లతో. "ఏమీ లేదండీ లోపల. ఏమీ వినపడలేదు. తియ్యకండి."

ఆయన మళ్లీ ఆనించారు. ఆవిడ కళ్లు మూసుకుంది. ఎంతోసేపు ఆయన చూపు ఆవిడ ఛాతీ మీది నుంచి కదల్లేదు. ఊపిరి ఆడుతూనే ఉంది. కాసేపటికి ఆవిడ నోరు కొద్దిగా తెరుచుకుంది, ముక్కుపుటాలు అదిరాయి. గురక పెడుతోందన్నమాట. ఆ గురక వినపడకపోయినా ఆయనకి ఏడుపొచ్చింది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

కూతురు గుమ్మంలోంచి తల లోపలికి పెట్టింది. "అమ్మా, టాక్సీ వచ్చింది."

"పంపించెయ్యి తల్లీ," అన్నారు ఆయన. "మీ అమ్మ నిద్రపోతోంది."