నల్లోడికి పెట్టిన వాత

నల్లోడు తిన్నదంతా కక్కేస్తున్నాడని ముందుగా కనిపెట్టింది ముత్యమ్మ. పాక వెనక కంప దడి పక్కన నేల తడిగా ఉంటోంది. పొద్దున పెట్టిన జొన్నరవ్వ గటక కాస్త మట్టికి అంటుకుని కనబడింది.

ఆ మాట వినగానే ఆమె మొగుడు ఐలన్న పరుగున వచ్చి నల్లోడి డొక్క తడిమి చూశాడు. పటాన్‌చెరు దాపున మేసే ఆయన గొర్ల మందకు ఏళ్ల తరబడి కాపలా ఈ నల్లకుక్కే. తోడేలుతో కొట్లాడి ఒక చెవి పోగొట్టుకున్నాడు. ఇప్పుడు పళ్లూడాయి, పక్కటెముకలు బయటపడ్డాయి. అందుకే, బొంబాయి సడకు మీద లారీ కింద పడి చచ్చిన ఓ కుక్క కూనలు రెంటిని ఐలన్న గొంగడిలో చుట్టి తెచ్చాడు. నల్లోడు ఉండగానే వాడిని చూసి పని నేర్చుకుంటాయని ఆశ. కూనలు మేకపాల మూకుడులో మూతి ముంచి తుమ్మేవి, ఒలకబోసేవి. తాగింది తక్కువే. అయినా డొక్కలు నిండుగా ఉంటే, దేవుడి దయ అనుకుంది ముత్యమ్మ.

"గిది పేగు జబ్బు," అన్నాడు పక్క మంద యాదన్న. "గొర్రెకు పెట్టినట్టే డొక్క మీద రెండు వాతలు పెట్టు. లేకుంటె వారంల పోతడు, సూడు."

"ముసలి పానం, తట్టుకుంటదా?"

"అల్లునికి పెడుతున్నవా ఏంది, గంత సోచాయిస్తున్నవ్? కొడవలి కాల్చు, జల్దీ!"

"వద్దయ్యా, జెర అంబలి తాపి సూద్దాం," అంది ముత్యమ్మ.

ఐలన్న వినలేదు. చిన్నప్పుడు తన కడుపునొప్పికి తండ్రి పెట్టిన వాత మచ్చ బొడ్డు పక్కన ఇంకా ఉంది. బతకాలని కోరుకున్న ప్రాణికి వాత పెట్టాలి. ఆయనకు తెలిసింది అంతే.

యాదన్న నల్లోడి మూతి అదిమి పట్టాడు. ఐలన్న కొడవలి ఆనించాడు. వెంట్రుకలు మాడిన కంపు లేచింది. ఒళ్లంతా జలదరించింది గానీ నల్లోడు కరవబోలేదు. రెండో వాతకు కొడవలి మళ్లీ ఎర్రబడేలోగా పట్టు విడిపించుకుని, కుంటుకుంటూ పాక వెనక్కి పోయాడు. నిప్పులోని కొడవలి అందుకుని ఐలన్న, వెనకే యాదన్న వెంటపడ్డారు.

దడి పక్కన కూనలు ఎగిరెగిరి నల్లోడి మూతి నాకుతున్నాయి. వాడు వీపు వంచి, కడుపు ఎగబీల్చి, పొద్దున తిన్న గటకంతా వాటి ముందు కక్కాడు. వెచ్చగా, మెత్తగా ఉన్న ఆ గటకను కూనలు గబగబా తినేశాయి. నల్లోడు ఒక్క ముద్దా ముట్టలేదు.

"తల్లికుక్క గిట్ల పెట్టంగ సూసిన," అన్నాడు యాదన్న నోరు తెరిచి. "మొగకుక్క... గిదేందే అన్నా!"

ఐలన్న చేతిలో కొడవలి అలాగే కాలుతోంది. దాన్ని చూసిన నల్లోడు పారిపోలేదు. కూనలకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. పళ్లు లేని చిగుళ్లు చూపి గుర్రుమన్నాడు. ఇన్నేళ్లలో ఐలన్న మీద గుర్రుమనడం అదే మొదలు.

ముత్యమ్మ వచ్చి కొడవలి లాక్కుని కుడితి గోలెంలో ముంచింది. గటకలో పాలు పోసి పల్చగా పిసికి ముందు కూనలకు నాకించింది, తర్వాత నల్లోడి గిన్నె నింపింది. కాలిన చోట వెన్న రాస్తుంటే వాడు కదలకుండా నిలబడ్డాడు.

కూనలు నిద్రపోయాయి. నల్లోడు వాటి డొక్కలు ఒక్కొక్కటే వాసన చూసి, గిన్నె దగ్గరికి వచ్చి మెల్లగా తిన్నాడు. ఈసారి కక్కలేదు.

"పోయి జెర నిమురు," అంది ముత్యమ్మ.

ఐలన్న లేవలేదు. దడి అవతల, చేతులు గొంగడిలో దాచుకుని, అలాగే కూర్చున్నాడు.