జానలతో కొలిచిన దోనె

దోనె మీద పెచ్చులూడుతున్న రంగు గీకాలి. కింద దిమ్మెలు సర్దాలి. దీపాల వైర్లు గోడ వెంట దాచాలి. ముట్టుకోవద్దన్న బోర్డు తగిలించాలి. తయారుచేసినవారి పేరుతో చెక్కపలక చెక్కించాలి.

ప్రదర్శన మొదలయ్యేలోగా ఇవన్నీ డిగ్రీ చేయించాలి. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషని మావయ్య పెట్టిన పేరది. నది ఒడ్డు మ్యూజియంలో ఉద్యోగం వచ్చాక ఆ పేరే ఖాయమైపోయింది.

మిగతా పనులు చకచకా సాగాయి. పలక దగ్గరే గొంతులో వెలక్కాయ పడింది.

"పడవలు కట్టే షెడ్డు యజమాని పేరు చెక్కించేయమ్మా. ఆయన షెడ్డులో పుట్టిన దోనె, ఇంకెవరిదవుతుంది?" అన్నారు మ్యూజియం పెద్దసారు.

"రేపటిదాకా ఆగండి సార్."

"పొద్దున్నే చెక్కేవాడు వస్తాడు. ఈలోగా ఆధారం తెస్తే నాకూ సంతోషమే."

ఆ షెడ్డులో ఒకప్పుడు అమ్మమ్మ పనిచేసింది. "మగవాళ్ళు దుంగల కోసం ఎగువకి వెళ్ళిన వానాకాలం, ఒక దోనె నేనే కట్టాను" అని ఆమె చెప్పని రోజు లేదు. ఇంటిల్లిపాదీ నవ్వని రోజూ లేదు. ఆడవాళ్ళ పని చెక్కకు నూనె పట్టించడం వరకే. కొలబద్ద వాళ్ళ చేతికిచ్చేవారు కాదు. యజమాని ఎక్కడికెళ్ళినా దాన్ని గదిలో పెట్టి తాళం వేసుకునేవాడు. ఆ దోనె ఇదేనేమోనని డిగ్రీ అనుమానం. ఇప్పుడు పలక మీద ఆయన పేరు పడితే అమ్మమ్మ మాట శాశ్వతంగా అబద్ధమైపోతుంది.

డిగ్రీ టేపు పట్టుకుని దోనెలోకి వంగింది. లోపల పక్కటెముకల్లా వరసగా వంపు బద్దలు. షెడ్డు దోనెలన్నిటిలో బద్దల మధ్య ఎడం ఒక్కటే, కొలబద్ద ప్రకారం. ఇందులో ఎక్కడా ఆ కొలత లేదు. ముక్కు నుంచి నడుమ దాకా ఎడం బాగా తక్కువ. నడుమ దాటాక అంతకన్నా కాస్త ఎక్కువ.

ఇంటికెళ్ళగానే చెప్పులైనా విప్పకుండా అడిగింది.

"అమ్మమ్మా, కొలబద్ద లేకుండా ఎలా కొలిచావే?"

"దేవుడిచ్చిన బద్ద ఉందిగా!" అంటూ అమ్మమ్మ ఎడమచేయి చాపి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా జాన పట్టింది. డిగ్రీ టేపు పెట్టింది. ముందు సగం కొలత అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

"మరి వెనక సగం?" అంది డిగ్రీ టేపు దించుతూ. "అక్కడ ఎడం పెరిగిందే..."

మంచం మీంచి మావయ్య అందుకున్నాడు. "అయితే సగం దోనె కట్టావన్నమాట అమ్మా! ఆ లెక్కన సగం విమానం నేను కట్టాను."

అమ్మమ్మ నవ్వలేదు. "నడుమ నుంచా? అవును మరి! అక్కడే సుత్తి జారి బొటనవేలు చితికింది. గుడ్డ కట్టుకుని కుడిచేత్తో కొలిచాను."

"చేయి మారితే కొలత మారుతుందా?"

"నీకు మారదు, నాకు మారుతుంది." ఎడమ చిటికెనవేలు చూపించింది. చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కున్న వేలు. ఎంత చాపినా నిటారు కాదు. కుడి జానకి ఆ అడ్డు లేదు.

ఈసారి టేపు లాక్కుని మావయ్యే కుడి జాన కొలిచాడు. వెనక సగానికి డిగ్రీ రాసుకొచ్చిన అంకె చూశాడు. మళ్ళీ కొలిచాడు. "ఓసి అమ్మా!" అని చతికిలబడ్డాడు.

పొద్దున్నే ముగ్గురూ మ్యూజియంలో ఉన్నారు. అమ్మమ్మ దోనె ముక్కు దగ్గర ఎడమచేయి ఆనించి, బద్ద నుంచి బద్దకి జాన వేసుకుంటూ నడిచింది. నడుమకు రాగానే చేయి మార్చింది. ఒక్క బద్ద తప్పలేదు. పెద్దసారు తన రెండు చేతులూ పెట్టి చూసుకున్నారు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి, దోనెతో ఏదీ కలవలేదు.

"చెక్కవయ్యా, ఈ అమ్మ పేరు చెక్కు!" అని కేకేశారు.

"ఇంటిపేరుతో సహా!" అంతకన్నా గట్టిగా అరిచాడు మావయ్య.

ఉలి మొదటి అక్షరం చెక్కుతుంటే అమ్మమ్మ పలకను చూడలేదు. వెనక సగంలో ఒక బద్దను నిమురుతూ, "ఇది ఇంకొంచెం నున్నగా చేయాల్సింది" అంది. డిగ్రీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మీరెప్పుడైనా ఆ దోనె ముందుకు వెళితే ముట్టుకోకండి, బోర్డు ఉంది. దూరం నుంచే మీ జాన చాపి, కొలబద్ద అందనివ్వని చోట తన చేతినే కొలబద్ద చేసుకున్న ఆ అమ్మమ్మను ఒక్కసారి తలచుకోండి.