ముప్ఫైరెండో వారం

అయినా ఈ అమెరికా డాక్టరు గొంతుకు ఎత్తూ పల్లమూ ఉండవు, మనిషి పోయినా కామా పెట్టి పక్క వాక్యంలోకి వెళ్ళిపోతాడు, అనుకుంటూ కెజియా పెడల్ మీంచి కాలు తీసింది, హెడ్‌ఫోన్‌లో గొంతు ఆగింది, అక్కడి డాక్టర్లు చెప్పి పంపిన కేసులు విని టైపు చేయడం ఆమె ఉద్యోగం, హైటెక్ సిటీ భవనం తెరిచిన కొత్తలోనే చేరింది, కిటికీలోంచి చూస్తే ఇంకా బండలూ తవ్విపోసిన ఎర్రమట్టీ, ఆ గొంతుతోనే తన కేసు కూడా చెప్పుకుంటే తేలిగ్గా ఉంటుందేమో, పేషెంటు వయసు ఇరవయ్యారు, తొలి కాన్పు, ముప్ఫైరెండో వారం, తమ్ముడికి హీమోఫీలియా, నెత్తురు గడ్డకట్టని జబ్బు, పుట్టుకతో వచ్చింది, పేషెంటు కూడా దాన్ని మోస్తోంది, ఫుల్‌స్టాప్, కొడుకు పుడితే వాడికి రావడానికి సగానికి సగం అవకాశం, భర్తకు తెలియదు, ఈ చివరి ముక్క మాత్రం ఏ డాక్టరూ చెప్పడు.

నిన్న డాక్టర్ ప్రవీణ కాగితం మీద గీత గీసి మరీ చెప్పింది, గడ్డకట్టించే ఫ్యాక్టర్ నీకూ తక్కువేనమ్మా, నెలలు నిండేకొద్దీ కాస్త పెరిగింది, కాన్పయ్యాక పడిపోతుంది, ఇంటికెళ్ళాక కూడా కొన్నివారాలు కనిపెట్టి ఉండాలి, మందూ రక్తమూ సిద్ధంగా ఉండే పెద్దాసుపత్రిలోనే కాన్పు, బిడ్డ తల పట్టి లాగే పరికరాలు వాడకూడదు, బొడ్డుతాడు రక్తం పరీక్ష అయ్యేదాకా బిడ్డకు తొడలో సూది వేయకూడదు, మీ ఆయన్ని తీసుకురమ్మంటే ఎందుకు తీసుకురావు, కెజియా ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది, తీసుకొస్తే పాత అబద్ధం బయటపడుతుంది, పెళ్ళిచూపుల్లో భర్త క్రిస్టోఫర్ తల్లి రాజమ్మ, పిల్లగాని కాలు ఏమైందని అడిగితే అమ్మ తడుముకోకుండా సైకిల్ మీదికెల్లి పడ్డడు వదినా అనేసింది, తమ్ముడు స్టీఫెన్ పుట్టి బుద్ధెరిగాక సైకిలెక్కిందే లేదు, ఎక్కనిస్తే కదా, ఆ పూట వాడు పక్కగదిలోనే ఉన్నాడు, విన్నాడు, ఇప్పుడు అత్తమ్మేమో నానక్‌రామ్‌గూడల నర్సు సాయమ్మ ఉండంగ పెద్ద దవాఖాన దేనికి, క్రిస్టోఫర్ గామె చేతులల్లనే పుట్టిండు అంటోంది, క్రిస్టోఫర్ అదీ నిజమే అంటున్నాడు, ఒక అబద్ధాన్ని విప్పాలంటే ఏ కొస పట్టుకోవాలో తెలియడం లేదు.

మీ కోసం ఎవరో వచ్చారు మేడమ్ అని గేటు నుంచి ఫోను, దిగి వెళ్తే స్టీఫెన్, చేతికర్ర పక్కన పెట్టుకుని బండమీద కూర్చున్నాడు, గోపన్‌పల్లి నుంచి రెండు ఆటోలు మారి ఈ ఎండలో, ఆమె చూపు ముందు మోకాలి మీదికే పోయింది, మళ్ళీ వాచిందారా, వాచిందిలే అక్కా, అది ఉండేదే, పొద్దున బావకు చెప్పిన, ఏం చెప్పినవ్, అన్నీ, సైకిల్ లేదు ఏం లేదు, నాకు నెత్తురు గడ్డకట్టది, అక్క ఒక్కతే పరేషాన్ అయితున్నదని, మొన్న ఫోన్ల ఏడ్చినవ్ గదా, కెజియా పక్కనే చతికిలబడింది, బావ ఏమన్నడు, ఇన్నేండ్లు నా దగ్గర ఎందుకు దాచిండ్రన్నడు, కోపంగనే ఉన్నడు, తర్వాత ఏ దవాఖాన అని అడిగిండు, సాయంత్రం డాక్టరమ్మ దగ్గరికి వస్తడట, వాళ్ళమ్మకు తనే చెప్తడట, మగపిల్లగాడైతే ఎట్లరా అనేసింది ఆమె, అని నాలుక కరుచుకుంది, వాడు మాత్రం లెక్క విడమరిచినంత తేలిగ్గా, పాకేటప్పుడు మోకాళ్ళకు దూదిపట్టీలు కుట్టు, ఇగ ఆడుకోనియ్యి, నన్ను గదిల కూసోబెట్టిండ్రు, నొప్పులు మరిచిపోయిన గని అది మరువలే, అన్నాడు, నాలుగింటికి ట్యూషన్ పిల్లలొస్తరని లేచాడు, నిలదొక్కుకోవడానికి ఆమె భుజం పట్టుకోలేదు.

మళ్ళీ సీట్లోకొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుంది, పెడల్ తొక్కలేదు, వాడి వాపు ఎన్నాళ్ళుంటుందో ఏ జ్వరానికి ఏ మాత్ర ఇవ్వకూడదో తనకు పదేళ్ళ వయసప్పటి నుంచీ తెలుసు, వాడు ఇంత దూరం ఒక్కడే రాగలడని, ఇంట్లో ఎవరూ నోరు విప్పలేని మాట వెళ్ళి చెప్పేసి పిల్లలకు లెక్కలు చెప్పుకోగలడని తెలియదు, పుట్టబోయేవాడు స్టీఫెన్‌లా ఉంటాడేమోనన్నదే ఇన్ని నెలల భయం, ఆ స్టీఫెన్ ఎవరో మాత్రం తనకు ఈ మధ్యాహ్నం దాకా తెలియదు.