నీళ్ళడిగిన మూల

ఊళ్ళో కట్టబోయే కొత్త బజారులో మూల కొట్టు తనకే వచ్చిందని దర్జీ ఇంకా మురిసిపోతూనే ఉంది. నాలుగు వీధులు కలిసే చోటు. ఇన్నేళ్ళూ ఇంటి వసారాలో మిషను తొక్కిన మనిషికి అంతకన్నా ఏం కావాలి.

ఆ కొట్టునే ప్లానులోంచి తీసేయాలంటోంది తమ్ముడి భార్య. ఊరి ప్లాన్లు గీసే ఆఫీసులో పని ఆమెది. పై అధికారికి ఇచ్చేముందు వదినకు చూపిద్దామని పిలిచింది.

కంప్యూటరు తెర మీద ఊరంతా గళ్ళుగళ్ళుగా ఉంది. ఇళ్ళు లేవు, చెట్లు లేవు, మనుషులు లేరు.

"ఇదేం ఊరే? గళ్ళ దుప్పటిలా ఉంది."

"ఒక్కో గడికి ఒక్కటే తెలుసు వదినా. పక్కన తనకన్నా పల్లం ఏదో. నీళ్ళు అటు ఇచ్చేస్తుంది. అంతే."

"నీరు పల్లమెరుగునని మా అమ్మమ్మా చెప్పేది. దానికింత హంగామా ఎందుకు?"

మరదలు తెర మీద వాన కురిపించింది. గళ్ళు ఒకదానికొకటి నీళ్ళు అందించుకున్నాయి. నీలం పాయలన్నీ వచ్చి మూల కొట్టు దగ్గర చొక్కా చెయ్యి ఆకారంలో నిలిచాయి.

"అక్కడి నేల అద్దంలా ఉంటుంది. గోళీ వేసినా దొర్లదు. నా కొట్టు మీద నీకేం కక్షే?" అని లేచి వచ్చేసింది దర్జీ.

దారిలో వాన పట్టుకుంది. బజారు స్థలానికి ఎదురుగా ఒక అరుగెక్కి నిలబడింది.

మొదట ఎగువ వీధిలోంచి సన్నటి పాయ వచ్చింది. ఆసుపత్రి సందులోంచి ఇంకొకటి. ఎవరూ దారి చూపలేదు. అయినవాళ్ళ ఇంటికి వచ్చినట్టు నేరుగా వచ్చి, ఆమె కొట్టుకు హద్దుగా పాతిన మేకుల మధ్య పరుచుకున్నాయి. తెర మీద చూసిన చొక్కా చెయ్యే: భుజం, మోచేయి, సన్నటి మణికట్టు.

తానూ కాగితం మీద నాలుగు గీతలు గీసే గుడ్డ కత్తిరిస్తుంది. ఆ కాగితానికి గుండీలుండవు, రంగుండదు. అయినా చొక్కా ఒంటికి పడుతుంది. కానీ అది తను కొలిచిన ఒళ్ళు. ఆ గళ్ళు ఇంకా పడని వానకు కొలతలు తీశాయి.

మరదలికి ఫోను చేసింది. "ప్లాను ఇచ్చేశావా?"

"లేదు వదినా. మీరు కోపంగా వెళ్ళారని..."

"ఇచ్చెయ్. ఆ మూల నీళ్ళకే వదిలెయ్."

"మరి మీకు? ఎగువ సందులో ఇరుకు కొట్టు ఒకటే మిగిలింది. మీరూ మిషనూ తప్ప ఎవరూ పట్టరు. వచ్చినవాళ్ళు బయటే నిలబడాలి."

"నిలబడనీ. కాళ్ళు తడవకుండా నిలబడతారు."

"సరే. ఇంటికెళ్ళండి, తడిసిపోతారు."

"వెళ్తాలే. కాసేపు చూడనీ."

నీళ్ళు ఇంకా వస్తూనే ఉన్నాయి.