ఎవరూ తాగని మొదటి గ్లాసు

"ఒకటీ... మొదటిదీ!"

కేక వినబడగానే ఎలోదియా చేతులు వాటంతట అవే కదిలాయి. పెనంలో నూనె పోసి, వలిచిన చిక్కుడు గింజలు వేసి, మూత పెట్టి మగ్గనిచ్చింది. ఆఖర్న ఎండు పంది మాంసం ముక్కలు కాసిని చల్లి గరిట తిప్పింది. చిన్న పళ్ళెంలోకి తీసి, వంటింటికీ కౌంటర్‌కీ మధ్య ఉన్న కిటికీ గట్టు మీద పెట్టింది. పెట్టాక గానీ గుర్తు రాలేదు, ఆ కేక పెట్టే మనిషి చలికాలం చివర్లోనే చచ్చిపోయాడని.

పళ్ళెం వెనక్కి లాక్కుందామనుకునేలోపే కిటికీలో కూతురు కసీల్దా మొహం కనిపించింది.

"ఇదెవరికమ్మా?"

"నువ్వేగా చెప్పావు."

"నేనెక్కడ చెప్పాను? అందరూ వెళ్ళిపోయారు. షట్టర్ సగం దించేశాను కూడా."

"అయితే నువ్వే తినెయ్యి. పొద్దుట్నించీ నీ కడుపులో ఏం పడింది గనక?" అని ఎలోదియా అటు తిరిగి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. ఎండాకాలం ముదిరినప్పట్నించీ రోజూ ఇదే వరస.

స్పెయిన్‌లోని ఆ గ్రనాదా ఊళ్ళో, బార్‌లో వైన్ గ్లాసు వెనకాలే తినడానికో చిన్న పళ్ళెం వస్తుంది. ఎవరూ అడగరు, దానికి వేరే డబ్బూ ఉండదు. ఏం పెట్టాలన్నది బార్ వాళ్ళ ఇష్టం. కానీ మొదటి గ్లాసుకి పెట్టిందే రెండో గ్లాసుకీ పెట్టారో, ఆ బార్ పరువు వీధిలో పడ్డట్టే. అందుకని కౌంటర్ దగ్గర గ్లాసులు పోసేవాడు వంటింట్లోకి వంటకం పేరు చెప్పడు, తాగేవాళ్ళది ఎన్నో గ్లాసో చెబుతాడు. "రెండు, మొదటివి! ఒకటి, మూడోది!" అంటే చాలు, లోపలివాళ్ళకి అర్థమైపోతుంది. అయితే గ్లాసు పోయకుండా కేక పెట్టడమన్నది మాత్రం ఆ ఊళ్ళో ఎక్కడా లేదు.

ఎలోదియా మొగుడు బ్లాస్ కేక పెడితే రియలేహో పేటలో సగం మందికి వినబడేది. గొంతు ఎంత పెద్దదో నోరూ అంత పెద్దదే. ఓ ఏడాది కార్పస్ పండగ జాతర రోజుల్లో బార్ కిటకిటలాడుతోంది. పొయ్యి సెగకి తట్టుకోలేక, చెమటతో తడిసి ముద్దయిపోయి, ఎలోదియా కాస్త గాలి కోసం కౌంటర్ ముందుకొచ్చి నిలబడింది. "పోవే లోపలికి! నీ నూనె కంపుకి జనం పారిపోతారు!" అన్నాడు బ్లాస్. బార్ అంతా గొల్లుమంది. వేళాకోళమే, కాదనను. అతని నోటికి అడ్డూ ఆపూ ఉండదని పేటంతా ఎరిగినదే. కానీ అందరి ముందూ ఆమెకి తల కొట్టేసినట్టయింది.

లోపలికి వెళ్ళింది. వెళ్ళింది వెళ్ళడమే. మళ్ళీ ఎన్నడూ కౌంటర్ ముందుకు రాలేదు, మొగుడితో ఒక్క మాట మాట్లాడలేదు. ఒకరోజా, రెండ్రోజులా, ఏళ్ళకి ఏళ్ళు. ఇల్లు ఒకటే, మంచం ఒకటే, మాట మాత్రం లేదు. బ్లాస్ బతిమాలాడు, నవ్వించబోయాడు, కోప్పడ్డాడు, చివరికి కూతురి చేత రాయబారాలు నడిపాడు. ఆమె కిమ్మనలేదు. ఇంత పంతం నేనెక్కడా చూడలేదు. ఆ ఇద్దరి మధ్యా మిగిలిన మాటలల్లా ఆ కేకలే. ఒకటి మొదటిది, రెండు రెండోవి. అతను అరిచేవాడు, ఆమె వండి గట్టు మీద పెట్టేది. కాపురం అలాగే సాగిపోయింది.

అతను పోయిన రోజూ అంతే. కేక వినబడింది, ఆమె పళ్ళెం పెట్టింది. ఎవరూ తియ్యలేదు. 'పళ్ళెం తీసుకో' అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే ఓడిపోయినట్టవుతుందని మూతి బిగించుకుని కూర్చుంది. పళ్ళెంలో కొవ్వు తెల్లగా గడ్డకట్టింది. అప్పుడు కిటికీ అవతల ఏదో దబ్బున పడ్డ చప్పుడు, ఆ వెంటనే ఎవరిదో అరుపు.

ఇప్పుడు ఆ గొంతు మళ్ళీ వినబడుతుంటే ఎలోదియాకి బదులు చెప్పాలనే ఉంది. రోజూ నోరు తెరుస్తుంది. మాట పెగలదు.

మర్నాడు మధ్యాహ్నం బార్ ఖాళీ అవుతుండగా కసీల్దా వంటింట్లోకి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా, నిజం చెప్పు. రోజూ కౌంటర్ చివర వైన్ గ్లాసు పోసి పెడుతున్నది నువ్వేనా?"

"ఏ గ్లాసే?"

"రోజూ షట్టర్ దించే వేళకి నిండుగా ఉంటోంది. ఎవరూ ముట్టుకోరు. నేనే పారబోస్తున్నాను. నాన్న తలపుకొచ్చి నువ్వు పోస్తున్నావనుకుని ఊరుకున్నా."

"నేనటు కాలు పెట్టి ఎన్నేళ్ళయిందో నీకు తెలీదూ?"

తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"రేపు పొద్దున్నే పనివాళ్ళొస్తారు," అంది కసీల్దా చివరికి. "ఇక్కడో కంప్యూటర్ తెర బిగిస్తారు. ఎవరిది ఎన్నో గ్లాసో దాని మీదే కనబడుతుంది. పళ్ళేలు నేనే వచ్చి తీసుకుపోతాను, ఈ కిటికీ పూడ్పించేస్తాను. నీకు పిచ్చెక్కుతోందేమోనని నాకు భయంగా ఉందమ్మా. పిచ్చి కాదంటావా, అప్పుడింకా భయం."

కిటికీ పూడ్చేస్తే ఆ కేక ఇక ఎటునుంచి వస్తుంది? వద్దని కూతురితో అనడానికి ఎలోదియాకి కారణం ఏం చెప్పాలో తోచలేదు. కసీల్దా కాసేపు నడుం వాల్చడానికి మేడ మీదికి వెళ్ళిపోయింది.

"వదినా!" అని కిటికీలోంచి బట్టతల ఒకటి తొంగి చూసింది. నికాసియో. బస్సు డ్రైవర్‌గా చేసి రిటైరైనవాడు, బ్లాస్‌కి చిన్నప్పటి జతగాడు. అందరూ వెళ్ళినా ఆఖర్న లేచేది అతనే. "మీ మాటలు నా చెవిన పడ్డాయి. ఆ గ్లాసు సంగతి నేను చెప్పాల్సింది. చెప్పలేకపోయాను."

"ఏమిటది?"

"వాడు పోయిన రోజు నేనిక్కడే ఉన్నానుగా. వైన్ పోసి, ఆ చివర పెట్టాడు. అక్కడ మనిషి లేడు. 'ఎవడికిరా?' అన్నాను. 'మా ఆవిడకి. ఇవాళ మా పెళ్ళిరోజు. ఇవాళ బయటికి రప్పించకపోతే నా పేరు బ్లాసే కాదు' అన్నాడు. కేక పెట్టాడు. నువ్వు పళ్ళెం పెట్టావు. కావాలనే తియ్యలేదు వాడు. 'తియ్యకపోతే తిట్టడానికైనా వస్తుందిరా' అని కిటికీ వంకే చూస్తూ నిలబడ్డాడు. అలా చూస్తూ చూస్తూనే..."

"ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"చెబితే నువ్వేమైపోతావోనని, వదినా." నికాసియో కళ్ళు తుడుచుకుని, టోపీ తీసుకుని, సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి వెళ్ళిపోయాడు.

ఎలోదియా అక్కడే చతికిలబడిపోయింది. ఇన్నాళ్ళుగా వినబడుతున్నది మొదటిదే. ఒక్కనాడూ రెండోది అనలేదు. ఎలా అంటాడు? తాగాల్సిన మనిషి రాలేదు, గ్లాసు అలాగే ఉంది. తన కోసం అతను అక్కడ ఇంకా నిలబడే ఉన్నాడు. ఆ మాట తట్టేసరికి భయం కన్నా దుఃఖం ఎక్కువైంది. పొయ్యి ఆర్పింది. చేతులు కడుక్కుంది. ఎందుకో జుట్టు సర్దుకుంది. పెరటి తలుపు తీసుకుని, వీధి తిరిగి, తాగడానికి వచ్చిన మనిషిలా షట్టర్ కిందుగా బార్‌లోకి అడుగుపెట్టింది.

లోపల చీకటిగా, చల్లగా ఉంది. షట్టర్ కింద నుంచి వచ్చే ఎండ నేల మీద పరుచుకుంది. కౌంటర్ చివర గ్లాసు ఉంది, నిండుగా. ఎలోదియా ఎత్తు పీట మీదికి ఎక్కి కూర్చుని, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని ఒక్క గుక్క తాగింది.

"ఒకటీ... మొదటిదీ!"

గొంతు చెవి పక్కనే మోగింది. తన వంటింట్లో, తానే ఆర్పి వచ్చిన పొయ్యి భగ్గుమంది. గరిట ఎక్కడుందో తెలియక సొరుగులన్నీ ఒక్కొక్కటే లాగుతున్న చప్పుడు. గిన్నె ఏదో కింద పడింది. బ్లాస్ దగ్గు. నూనె చిటపటలు, తర్వాత మాడు వాసన. లేచి పారిపోవాలనిపించింది ఆమెకి, అయినా పీట దిగలేదు. కిటికీ గట్టు మీదికి పళ్ళెం ఒకటి జరిగి వచ్చింది. జరిపిన చెయ్యి కనబడలేదు.

చిక్కుడు గింజలు రాళ్ళలా ఉన్నాయి. మాంసం బొగ్గయింది. ఎలోదియా ఒక్కొక్కటే నోట్లో వేసుకుని నమిలింది, ఒక్క గింజ వదల్లేదు. కళ్ళ నీళ్ళు పళ్ళెంలో పడుతున్నాయి.

"ముందు మూత పెట్టి మగ్గనివ్వాలయ్యా," అంది. గొంతు ఎంత తేలిగ్గా పెగిలిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. "ముక్కలు ఆఖర్న వెయ్యాలి. ఇన్నేళ్ళు కిటికీ ముందు నిలబడ్డావు, ఒక్కసారైనా లోపలికి తొంగి చూశావా?"

ఇక ఆగలేదు. జాతర రోజు ఎంత ఏడ్చిందో చెప్పింది. రాత్రుళ్ళు అతను అటు తిరిగి పడుకున్నాక వీపు మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకున్న సంగతి చెప్పింది. ఆ రోజు పళ్ళెం చల్లారిపోతుంటే చూస్తూ కూర్చున్నానని, తనంత పాపిష్టిది లోకంలో లేదని చెప్పింది. చెబుతూ చెబుతూ గ్లాసు ఖాళీ చేసి కౌంటర్ మీద పెట్టింది.

"అయిపోయింది. రెండోది చెప్పు."

కిటికీ అవతల పొయ్యి ఆరిపోయింది. చిటపటలు ఆగిపోయాయి.

"బ్లాస్, నిన్నే. రెండోది చెప్పు."

చప్పుడు లేదు. ఎలోదియా ఖాళీ గ్లాసుతో కౌంటర్ మీద కొట్టింది. తర్వాత, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అరవని మనిషి, గొంతు చించుకుని అరిచింది. "ఒకటీ... రెండోదీ!"

మేడ మెట్ల మీద పరుగున దిగుతున్న అడుగులు వినబడ్డాయి. కసీల్దా గుమ్మంలో నిలబడిపోయింది. కౌంటర్ ముందు తల్లి, మసి పట్టిన పళ్ళెం, ఖాళీ గ్లాసు.

"అమ్మా! ఎవర్నమ్మా పిలుస్తున్నావు?"

"మీ నాన్నని."

కసీల్దా మెల్లగా వచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. "ఏమంటున్నాడు?" అని అడిగింది.

ఎలోదియా కిటికీ మీద నుంచి చూపు తిప్పలేదు.

"నాతో మాట్లాడడం లేదే," అంది.